మతసంస్థల రాజకీయ పక్షములు – మన సంఘమునకు పాఠము

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ సంవత్సరము విద్యావిషయమున ప్రసంగింపుమని కార్యదర్శిగారు మొదట మమ్ము కోరిరి. ముప్పది సంవత్సరములకు పైగా పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించిన మాకు అది అలవాటైన విషయమే. అయితే మన యువకులు కొందరు విషయనిర్ణయ సభ ఎదుట ఒక ప్రతిపాదన నుంచినట్లు తెలియవచ్చుటచే, వారి అనుమతితోనే మా విషయమును మార్చుకొంటిమి. మన సంఘము తన పేర ఒక రాజకీయ పక్షమును స్థాపించి, రానున్న ఎన్నికలలో విశాఖపట్టణ ప్రాంతమున అభ్యర్థులను నిలుపవలెనని ఆ ప్రతిపాదన సారాంశము. అందుకు వారు చూపిన నిదర్శనములలో ముఖ్యమైనవి మతసంస్థలవారు, మతబోధకులు స్థాపించిన చిన్న పక్షములు. ధ్యానము నేర్పువారు పక్షమును పెట్టిరి, సువార్త చెప్పువారు పక్షమును పెట్టిరి, ఇన్ని గ్రామములలో బంధుత్వములు గల మనము మాత్రము ఏల పెట్టరాదని వారి ప్రశ్న.

ప్రశ్న న్యాయమైనదే. పెద్దరికముతో దానిని కసరి త్రోసివేయుట ధర్మము కాదు. వారు చూపిన నిదర్శనములనే చేతికి తీసికొని, వాని పుట్టుక యెట్టిది, నడక యెట్టిది, ఫలమేమి అని విచారించుటయే వారికి మేము చేయదగిన గౌరవము.

మొదట రెండు మాటలను గూర్చి చెప్పుటకు అనుజ్ఞ వేడుచున్నాము. జీవితమంతయు శబ్దములతో కాలము గడపినవారికి ఈ చాపల్యము సహజము. మతము అను మాట "మన్" అను ధాతువునుండి పుట్టినది. తలచుట, ఎంచుట దాని యర్థము. కావున తలపబడినది మతము. సమ్మతము, అభిమతము, అనుమతి మొదలగు మాటలన్నియు ఆ కుదుటినుండి వచ్చినవే. తెలుగున మనము మతమనగా దైవవిషయమైన విశ్వాసమని వాడుకొనుచున్నాము. హిందీవారును కన్నడిగులును వోటును సైతము అదే మాటతో చెప్పుదురు. వోటు వేయుట వారికి మతదానము. ఒకే మాట ఇటు గుడికిని అటు పోలింగు కేంద్రమునకును పనికివచ్చినది. అయినను ఈ రెండు మతములకు నడుమ ఒక గొప్ప భేదము కలదు. మొదటి మతమును గురువు ఉపదేశింపగా శిష్యుడు శిరసావహించును. రెండవ మతమును ఎవడు వానికై వాడే తలచి తేల్చుకొనవలెను. మొదటిదానికి శరణాగతి శోభ, రెండవదానికి విచారణ శోభ. ఒకదానిని చూపి రెండవదానిని అడుగుటలోనే చిక్కంతయు కలదు.

ఇక పక్షము. పక్షి రెక్క పక్షము, నెలలో సగము పక్షము, తగవులో ఒక వైపు పక్షము. ఎక్కడ చూచినను అది భాగమే కాని సమగ్రము కాదు. రాజకీయమున భాగములుండుట దోషము కాదు, అవి లేనిదే ప్రజాపాలనము నడువదు. కాని నేను అందరి దానను అని చెప్పుకొను సంస్థ ఒకనాడు పక్షమైనచో, ఆనాటినుండి అది కొందరిది యగును. ఈ రెండు మాటలను మనసున నుంచుకొని నిదర్శనములను చూతము.

మన తెలుగునాట మతసంస్థ వలన పుట్టిన చిన్న పక్షమునకు స్పష్టమైన ఉదాహరణము పిరమిడ్ పార్టీ ఆఫ్ ఇండియా. దాని స్థాపకులు సుభాష్ పత్రిగారు. వారు 1947 లో జన్మించిరి. కోరమాండల్ ఫెర్టిలైజర్స్ అను ఎరువుల సంస్థలో ఉద్యోగము చేసిరి. ఆ సంస్థవారి పెద్ద కర్మాగారము మన విశాఖపట్టణముననే కలదు గనుక ఆ పేరు ఇచ్చటివారికి క్రొత్త కాదు. పత్రిగారు కర్నూలునందు 1990 లో ఒక ధ్యానసంఘమును నెలకొల్పిరి. శ్వాసమీద ధ్యాస నిలుపుట వారి బోధకు మూలము. బౌద్ధగ్రంథములు దానినే ఆనాపానసతి యనును. దానికి శాకాహారవ్రతమును, పిరమిడ్ ఆకారపు మందిరములలో ధ్యానము చేయు పద్ధతిని వారు జోడించిరి. ఆ యుద్యమము జిల్లాలకు, పల్లెలకు వ్యాపించినది. తెలంగాణమున కడ్తాల్ వద్ద మహేశ్వర మహాపిరమిడ్ నిర్మితమైనది. 2022 జూలైలో పత్రిగారు అచ్చటనే కాలధర్మము నొందిరి.

ఆ యుద్యమము ప్రబలుచున్న కాలముననే, అనగా 1999 లో, పత్రిగారు రాజకీయ పక్షమును స్థాపించిరి. మనసును అదుపులో నుంచుకొన్నవారు పాలకులైనచో పాలనము శుద్ధి యగునని దాని వెనుకనున్న తలపు. ఈ తలపును పరిహసించువారిలో మేము లేము. ఎన్నికలలో ధనప్రవాహమును, మద్యప్రవాహమును చూచి విసిగిన సజ్జనుడు ఒక ధ్యానపరుని నిలువబెట్టి చూతమనుకొనుటలో తప్పేమున్నది? పార్టీ అభ్యర్థులను నిలిపినది. కాని శాసనసభలో గాని లోక్‌సభలో గాని ఒక్క స్థానమును గెలువలేదు.

ఇచ్చట మన యువకులు గమనింపవలసిన దొకటి కలదు. ఊరూర ధ్యానము నేర్చినవారు ఉన్నారు. వారిలో పలువురు గురువుగారి మాటపై మాంసాహారమును విడిచిరి. తరతరముల భోజనపుటలవాటును మార్చుకొనుట సామాన్యమా? అంతటి కఠినకార్యమును చేయించిన మాట, ఐదేండ్ల కొకమారు ఒక మీట నొక్కించు స్వల్పకార్యమును ఏల చేయింపలేకపోయెను? దీని కుత్తరము తెలిసినచో నేటి మన సమస్య సగము తీరినట్లే.

రెండవ నిదర్శనము మన జిల్లాలోనే పుట్టినది. క్రైస్తవ సువార్త బోధకులు కె.ఏ. పాల్ గారు భీమునిపట్టణమునకు సమీపమున నున్న చిట్టివలసవారు. దేశదేశములలో మహాసభలు నడపి, అసంఖ్యాకులగు శ్రోతలను సమకూర్చినవారు. వారు 2008 లో ప్రజాశాంతి పార్టీని స్థాపించిరి. ఇది సంస్థ పేర గాక బోధకుని పేర నడచిన పక్షమని భేదము చెప్పవచ్చును గాని, బోధవలన వచ్చిన కీర్తియే దానికి పెట్టుబడి యనుట నిర్వివాదము. 2022 నవంబరులో తెలంగాణమున మునుగోడు శాసనసభ ఉపయెన్నికలో వారు స్వయముగా నిలువగా 805 వోట్లు వచ్చినవి. 2024 లో మన విశాఖపట్టణము లోక్‌సభ స్థానమునకును పోటీచేసిరి గాని విజయము లభింపలేదు. వారి సభలకు వచ్చిన జనమును, వారికి వచ్చిన వోట్లను పక్కపక్కన పెట్టి చూచినచో మొదటి నిదర్శనము చెప్పిన మాటనే ఇదియు చెప్పుచున్నది.

అందుకు కారణము భక్తుల కృతఘ్నత కాదు. గురువునొద్దకు పోవువాడు తన దుఃఖమును తీసికొనిపోవును. పోలింగు కేంద్రమునకు పోవువాడు వీథిలోని మురుగుకాలువను, కొమరుని ఉద్యోగమును, తల్లికి రావలసిన పింఛనును తీసికొనిపోవును. గాజువాకలో కాపురముండు ఉక్కు కార్మికుడు ఉదయమున ధ్యానము చేయవచ్చును, ఆదివారము ప్రార్థనకు పోవచ్చును. కాని వోటు వేయునపుడు కర్మాగారము నిలుచునా, జీతము సకాలమున వచ్చునా అని తలచును. ఇది విశ్వాసలోపము కాదు. ఏ తలుపువద్ద ఏమి అడుగవలయునో ఎరిగిన వివేకము. రహస్యమైన వోటు ఆ వివేకమునకు కావలి.

మన రేవును చూడుడు. 1933 లో ప్రారంభమైన ఈ రేవులోనికి వచ్చు ఓడలు మూడు కొండల సమీపముననుండి సాగును. ఒకదానిపై వేంకటేశ్వరుని గుడి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై మేరీమాత ఆలయము. నావికుడు తన విశ్వాసము ననుసరించి ఏదో ఒక కొండకు చేతులెత్తును. అయినను కాలువలోనికి ఓడను నడుపుటకు రేవువారి పైలట్ ఎక్కవలసినదే. ఎచ్చట లోతెంత, పోటుపాటుల వేళ యేది అని అతడెరుగును. నమస్కారము కొండకు, చుక్కాని పైలట్‌కు. ఇందు కొండకు అవమానము లేదు. మన పురాణములలోను వసిష్ఠుడు సింహాసనము ప్రక్కన కూర్చుండెనే కాని సింహాసనముపై కూర్చుండలేదు. అందువలననే రాజును మందలించు అధికార మాతనికి నిలిచినది.

ఇక లెక్కలకు వత్తము. లోక్‌సభకు నిలుచు అభ్యర్థి 25,000 రూపాయలు, శాసనసభకు నిలుచువాడు 10,000 రూపాయలు ధరావతు కట్టవలెను. షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి అందు సగము. చెల్లిన వోట్లలో ఆరవ వంతుకు మించి రానిచో ఓడిన అభ్యర్థికి ధరావతు పోవును. మన విశాఖపట్టణము లోక్‌సభ స్థానములో శృంగవరపుకోటనుండి గాజువాక వరకు ఏడు శాసనసభా నియోజకవర్గములు కలవు. 2019 లో ఇచ్చట సుమారు 12 లక్షల వోట్లు పడినవి. ఆరవ వంతనగా 2 లక్షలు. అనగా గెలుపు మాట దేవుడెరుగు, కట్టిన ధరావతును తిరిగి తెచ్చుకొనుటకే 2 లక్షల మంది కావలెను. మన సంఘ సభ్యత్వ పుస్తకమును కార్యదర్శిగారు తెరచి చూపినచో తక్కిన లెక్క మీరే చేయగలరు.

"గెలువలేకపోయినను గెలుపోటములను నిర్ణయింపగలము గదా" అని ఒక యువకుడు మాతో అనెను. ఇది వారి వాదములలో బలమైనది. 2019 నాటి లెక్క దానికి సాక్ష్యమిచ్చును గూడ. ఆ యేట ఈ స్థానమున గెలిచినవారికి వచ్చిన ఆధిక్యము 4,414 వోట్లు మాత్రమే. అభ్యర్థులలో ఎవరును వలదని నోటా మీట నొక్కినవారే 16,646 మంది. అట్టి సన్నిహితపు పోటీలో నాలుగైదు వేల వోట్లు గల చిన్న పక్షము పెద్దల తలరాతను మార్చగలదు. అయితే ఐదేండ్లకు, అనగా 2024 లో, అదే స్థానమున ఆధిక్యము 5,04,247 వోట్లు. ఆ యేట మనవంటి పక్షములు పది చేరినను త్రాసు కదలియుండెడిది కాదు.

ఇంతకంటె లోతైన మాట యొకటి కలదు. చిన్న పక్షమునకు గెలుచు శక్తి లేక చెరచు శక్తి మాత్రమే యున్నపుడు, ఆ శక్తికి వెల కట్టువారు తలుపు తట్టుదురు. నిలువుమని కొందరు, తప్పుకొమ్మని కొందరు వత్తురు. ఆనాడు బేరమునకు వచ్చునది ఏది? అభ్యర్థి ప్రతిష్ఠ కాదు. ఆ పక్షము వెనుకనున్న సంస్థ ప్రతిష్ఠ. గురువు తపస్సుగాని, సంఘము ఐకమత్యముగాని, ఏండ్లతరబడి కూడబెట్టినదంతయు ఒక నామినేషను ఉపసంహరణ దినమున అంగడి సరకగును. ఏ సంస్థవారైనను అట్లు చేసిరని మేము చెప్పుట లేదు. అట్టి పరీక్షకు లోనగు స్థితిలో మన సంఘమును మనమే ఏల నిలువబెట్టవలెను అని మాత్రమే అడుగుచున్నాము.

ఇతర ప్రాంతముల అనుభవమును కొంచెము చూతము. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడు, 1948 లో, కరపాత్రస్వామివారు రామరాజ్య పరిషత్తును స్థాపించిరి. వారు మహావిద్వాంసులు, విరక్తులు. మొదటి సార్వత్రిక ఎన్నికలలో ఆ పక్షమునకు లోక్‌సభలో 3 స్థానములు వచ్చినవి. రాజస్థాన శాసనసభలో 24 వచ్చినవి. ఇది భక్తి సాధించిన విజయమని కొందరు తలచిరి. కాని రాజస్థానమున ఆ పక్షమునకు వెన్నుదన్నైనది తమ భూములు పోవునని కలతపడిన జాగీర్దారులు. జాగీరులు రద్దగుటతో ఆ బలమును సడలినది. కాలక్రమమున పక్షమును మరుగుపడినది. స్వామివారి శాస్త్రగ్రంథములను నేటికిని విద్వాంసులు చదువుచున్నారు.

మహర్షి మహేశ్ యోగి అనుయాయులు 1992 లో ఇంగ్లండునందు నాచురల్ లా పార్టీని స్థాపించి ఆ యేటి ఎన్నికలలో మూడు వందలకు మించి అభ్యర్థులను నిలిపిరి. వారిలో ఒక్కరికైనను ధరావతు దక్కలేదు.

ఫలించిన నిదర్శనము లేదా యందురా? కలదు. జపాను దేశమున సోకా గక్కాయ్ అను బౌద్ధసంస్థ 1964 లో కొమెయితో అను పక్షమును స్థాపించినది. అది పార్లమెంటున స్థానములు గెలిచినది, 1999 లో ప్రభుత్వమున భాగస్వామి యైనది, ఆ పొత్తును 2025 అక్టోబరులో విడనాడినది. ఇంతటి విజయమునకు కారణము ఇంటింటికి పోయి పనిచేయు లక్షలాది సభ్యులు. కాని అచ్చట జరిగిన దొకటి వినుడు. తమ సంస్థను విమర్శించు గ్రంథము వెలువడకుండ ఒత్తిడి తెచ్చిరని పెద్ద అలజడి రేగగా, 1970 లో ఆ సంస్థాధిపతి ఇకెదాగారు బహిరంగముగా విచారము తెలిపి, మతసంస్థ వేరు, పక్షము వేరు అని విభజన ప్రకటించవలసి వచ్చెను. ఓడినవారు మరుగున పడిరి. గెలిచినవారు రెంటిని విడదీయవలసి వచ్చిరి. రెండు దారులును ఒకే చోటికి చేరుచున్నవి.

న్యాయశాస్త్రము చెప్పునదియు వినదగినది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమునకు తరువాత చేర్చిన 29ఏ విభాగము ప్రకారము, నమోదు కోరు ప్రతి పక్షమును రాజ్యాంగమునకును, సామ్యవాద లౌకిక ప్రజాస్వామ్య సూత్రములకును నిష్ఠ ప్రకటింపవలెను. కావున మతసంస్థ పెట్టిన పక్షమైనను లౌకికత్వమునకు మాట యిచ్చియే పుట్టును. 1988 నాటి మతసంస్థల దుర్వినియోగ నివారణ చట్టము మతసంస్థల ఆవరణలను గాని, ధనమును గాని రాజకీయ కార్యములకు వాడరాదని శాసించినది. ఇక మనకు నేరుగా తగులునది వేరొకటి కలదు. మతము, జాతి, కులము, భాష పేర వోట్లడుగుట అక్రమాచరణమని 123 వ విభాగము చెప్పుచున్నది. 2017 జనవరి 2 న సర్వోన్నత న్యాయస్థానమున ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, నలుగురు ముగ్గురుగా విడిపోయి తీర్పు చెప్పుచు, అభ్యర్థి కులమతములే గాక వోటరు కులమతముల పేర అడుగుటయు అందు చేరునని నిర్ణయించినది. భిన్నాభిప్రాయము వెలిబుచ్చిన ముగ్గురు, కులమువలన కలిగిన బాధలను ఎన్నికలలో చర్చించుటను నిషేధింపరాదనిరి. ఆ మాటలో మన హృదయమునకు దగ్గరైన సత్యము కలదు. అయినను అమలులో నున్నది అధికసంఖ్యాకుల నిర్ణయము. వేదికపైనుండి "మనవాడు, మన వోటు" అనిన ఒక్క మాటచే గెలిచిన ఎన్నిక రద్దు కావచ్చును. ఆ దోషికి ఆరు సంవత్సరముల వరకు అనర్హత కలుగవచ్చును.

పక్షము పెట్టి ఊరక యుందుమందురేని, దానికిని ఇప్పుడు వీలు లేదు. ఆరు సంవత్సరములు ఏ ఎన్నికలోను పోటీచేయని పక్షములను ఎన్నికల సంఘము జాబితానుండి తొలగించుచున్నది. 2025 ఆగస్టులో ఒకేసారి 334 పక్షములను తొలగించిరి.

అట్లయిన మతమునెరిగినవారు, సంఘసేవకులు రాజకీయమునకు దూరముగా కూర్చుండవలెనా? ఎంతమాత్రమును కాదు. ఈ నగరమే దానికి సమాధానము. 1966 లో ఉక్కు కర్మాగారము కొరకు ఆంధ్రదేశము లేచినపుడు, టి. అమృతరావుగారు ఈ పట్టణమున నిరాహారదీక్ష పట్టిరి. తెన్నేటి విశ్వనాథంగారివంటి పెద్దలు ముందునకు వచ్చిరి. విద్యార్థులు వీథులకెక్కిరి. నవంబరు 1 న ఇచ్చట తుపాకులు ప్రేలినవి. రాష్ట్రమంతట 32 మంది ప్రాణములర్పించిరి. 1971 జనవరి 20 న ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేసిరి. 1992 ఆగస్టు 1 న పి.వి. నరసింహారావుగారు కర్మాగారమును జాతికి అంకితము చేసిరి. ఆ ఉద్యమములో గుడికి పోవువారు, చర్చికి పోవువారు, మసీదుకు పోవువారు, ఎచ్చటికిని పోనివారు ఒకే నినాదమును పలికిరి. అది ఏ పీఠము పేరనో, ఏ కులము పేరనో సాగియుండినచో సగము గొంతులు మూగవోయి యుండెడివి. 2021 జనవరిలో ఆ కర్మాగారమును ప్రైవేటుపరము చేయ నిశ్చయించిరని తెలిసినపుడును, కూర్మన్నపాలెమున దీక్షాశిబిరములో కూర్చుండిన కార్మికులు పరస్పరము కులము నడుగలేదు. 2025 జనవరిలో కేంద్రప్రభుత్వము 11,440 కోట్ల రూపాయల సహాయమును ప్రకటించుటలో ఆ పట్టుదలకును భాగము కలదని మా విశ్వాసము.

మతసంస్థ యెట్లుండవలెనో చూపినవారును కలరు. రామకృష్ణ మిషను తొలినాటినుండియు రాజకీయములు తనకు వలదని నియమము పెట్టుకొన్నది. 1902 లో వివేకానందస్వామి నిర్యాణానంతరము, దేశస్వాతంత్ర్యమునకై పనిచేయదలచిన సోదరి నివేదిత ఆ సంస్థతో అధికారిక సంబంధమును వదలుకొనెను. సంస్థ ఆమెను ద్వేషింపలేదు, ఆమె సంస్థను నిందింపలేదు. ఆమె దేశకార్యమున స్వేచ్ఛగా నడచెను. సంస్థ ఆసుపత్రులను, పాఠశాలలను నడపెను. వ్యక్తి పోవచ్చును, సంస్థ నిలువవలెను. ఈ మార్గము మాకు ఆదర్శప్రాయముగా తోచుచున్నది.

ఇప్పుడు మన యింటి మాట. మన సంఘమున కేమి కలదు? విద్యార్థి వసతిగృహము కలదు. దాని నిధికి ధనమిచ్చిన పోషకులలో అన్ని పక్షములవారును కలరు. ఒక పక్షమున శాసనసభ్యుడై యున్నవారు గదులు కట్టించిరి, దానికి వైరిపక్షమున నున్నవారు మంచములు, గ్రంథములు ఇచ్చిరి. ఈ వేదికపై వారిరువురును ప్రక్కప్రక్కన కూర్చుండుట మనము ఏటేట చూచుచున్నాము. ఊరిలో వారట్లు కూర్చుండు చోటు ఇదొక్కటియే. రేపు మనము పక్షమైనచో ఆ యిరువురికిని మనము ప్రతిపక్షమగుదుము. వారు రాకున్నచో మనకు పోవునది సభాశోభ మాత్రము కాదు. శ్రీకాకుళము పల్లెనుండి వచ్చి, ఆ గదిలో పండుకొని, ఆ దీపమునొద్ద చదువుకొనుచున్న పేదపిల్లవాని రాత్రిభోజనము. వాడు పెద్దవాడై ఏ పక్షమున చేరునో మనకు తెలియదు, తెలియనక్కరలేదు. వానికి అన్నము పెట్టునపుడు మనము వాని తండ్రి వోటు నడుగలేదు. మన సంఘమునకు గల గౌరవమునకు అదియే మూలము.

ప్రతిపాదన తెచ్చిన యువకుల వేదనను మేమెరుగుదుము. మన కులమువారికి అభ్యర్థిత్వములు దొరకుట లేదు, ఎన్నికలనాడు మన వాడలకు వచ్చినవారు మరునాడు కానరారు, అని వారనుట అబద్ధము కాదు. మా ముదుసలితనము ఆ కోపమును చల్లార్చుటకు రాలేదు. దానికి పనికివచ్చు మార్గమును చూపుటకు వచ్చినది. అందుకై వారి ప్రతిపాదనకు బదులు మూడు సవరణలను ఈ మహాసభ ఎదుట నుంచుచున్నాము.

మొదటిది, మన సభ్యులు తమకు నచ్చిన ఏ పక్షమునందైనను చేరవచ్చును, నిలువవచ్చును, గెలువవచ్చును. అట్లు నిలుచువారు సంఘపదవిలో నున్నచో నామినేషనుకు ముందే ఆ పదవిని వదలుకొనవలెను. రెండవది, సంఘ భవనమును, వసతిగృహమును, నిధిని ఏ పక్షమునకును, ఎంతటి ఆప్తునికైనను, ఎన్నికల పనికి ఇయ్యరాదు. మూడవది, ఎన్నికలు వచ్చినపుడు అన్ని పక్షముల అభ్యర్థులను ఒకే దినమున, ఒకే వేదికకు, నగరములోని ఇతర కులసంఘముల వారితో కూడి ఆహ్వానింపవలెను. ఉపకారవేతనములు, వసతిగృహములు, రేవులోను ఉక్కు కర్మాగారములోను స్థానికులకు ఉద్యోగములు, వీనిని గూర్చి వారిని ప్రశ్నించి, వారిచ్చిన సమాధానములను అచ్చొత్తించి ఇంటింటికి పంచవలెను. వోటు ఎవరికి వేయవలెనో మాత్రము మనము చెప్పరాదు. అది ఎవరి మతము వారిది. మూడవ సవరణలోని పనిని ఆ యువకులకే అప్పగింపవలెనని మా మనవి. వారికి ఉత్సాహము కలదు, ప్రశ్నించు నేర్పు కలదు.

సోదరులారా, మనము విచారించిన పక్షములను స్థాపించినవారందరును తమతమ రంగములలో గొప్పవారు. వారికి రాజకీయమున లభింపనిది మనకు లభించుననుకొనుటకు ఆధారము లేదు. వారికి తమ రంగమున లభించినది, అనగా జనుల నిష్కపటమైన నమ్మకము, మనకును కొంత లభించియున్నది. దానిని పందెమున ఒడ్డవలదని, పెంచి పిల్లల చేతి కిండని ప్రార్థించుచు, మన సంఘమునకును, ఈ విశాఖపట్టణ నగరమునకును సర్వశ్రేయస్సులు కలుగుగాక యని కోరుచు విరమించుచున్నాము.